యంత్రానికి అత్తగారి మీద ఉన్న అభిప్రాయం

జడ్జిగా పదవీ విరమణ చేసిన మరుసటి వారమే అత్తగారు కారు నడపడం నేర్చుకుంటానని ప్రకటించారు. ప్రకటించారు అనే అనాలి. ఆవిడ ఏ సంగతీ మామూలుగా చెప్పరు. కాఫీలో పంచదార చాల్లేదన్నా సరే, వింటున్నవాళ్ళకి లేచి నిలబడాలేమో అనిపిస్తుంది.

"ఇన్నేళ్ళూ వెనక సీట్లో కూర్చుని ఫైళ్ళు చదువుకున్నాను. దారిలో ఏ చెట్టుందో, ఏ కొట్టుందో తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఇక ముందు సీటు నాది," అన్నారు.

కూతురు సంబరంగా చప్పట్లు కొట్టింది. అల్లుడి చేతులు మాత్రం కలవలేదు.

ఎందుకంటే ఇంటికి దగ్గర్లో ఉన్న డ్రైవింగ్ స్కూలు ఒక్కటే, అక్కడ పాఠాలు చెప్పే సాఫ్ట్‌వేర్ రాసింది అతనే. టైర్ల కొట్టు వెనక పొడుగాటి రేకుల షెడ్డు అది. లోపల పాత కారు సీటొకటి నేలకి బిగించి ఉంటుంది. దానికి స్టీరింగు, పెడళ్ళు, గేరు కర్ర అన్నీ ఉంటాయి. ఎదురుగా అద్దాల బదులు తెరలు. నేర్చుకునేవాళ్ళు ఆ సీట్లో కూర్చుంటే తెరల మీద వీధులు కదులుతాయి. చేతులెక్కడున్నాయో, కాలు ఏ పెడలు మీదుందో యంత్రం గమనిస్తూ మధ్యమధ్యలో ప్రశ్నలడుగుతుంది. ఈ మనిషికి ఏమొచ్చు, ఏం రాదు అని తనలో తాను లెక్క వేసుకుని తర్వాతి పాఠం నిర్ణయిస్తుంది. అది సరేనన్నాకే మాస్టారు వాళ్ళని నిజం రోడ్డు మీదికి తీసుకెళతాడు. ఆయన్ని అందరూ 'మెల్లగా మాస్టారు' అంటారు. పాఠం చెబుతున్నంతసేపూ ఆయన నోటివెంట వచ్చే మాట అదొక్కటే మరి.

చేరిన కొత్తలో అత్తగారు ఉత్సాహంగానే వెళ్ళొచ్చారు. వారం తిరిగేసరికి గుమ్మంలో చెప్పులు విడిచే చప్పుడే మారిపోయింది.

"అల్లుడుగారూ, ఇలా రండి," అని పిలిచారు భోజనాల బల్ల దగ్గర్నుంచి.

మామూలు రోజుల్లో ఆవిడ 'బాబూ' అంటారు, 'నువ్వు' అంటారు. 'అల్లుడుగారూ, మీరు' అన్నారంటే కోర్టు మొదలైందన్నమాట.

"మీ యంత్రం నాకు స్టీరింగు పట్టుకోవడం రాదంటోంది. మొన్నా అదే పాఠం, నిన్నా అదే పాఠం, ఇవాళా అదే పాఠం. ఏమిటి దీని ఉద్దేశం?"

"అదీ... మోడల్ అంచనా అత్తయ్యా."

"ఎవరా మోడల్? పిలవండి."

పక్కనే కాఫీ తాగుతున్న భార్యకి పొలమారింది.

"మనిషి కాదండీ. మీరు నడిపే తీరు చూసి యంత్రం లోపల మీ బొమ్మ ఒకటి గీసుకుంటుంది. మీకు ఏం తెలుసు, ఏం తెలీదు అని. దాన్నే యూజర్ మోడల్ అంటాం."

"నా బొమ్మేగా? చూపించండి మరి."

"చూపించేలా ఉండదండీ. లోపలన్నీ అంకెలే."

"ఆ అంకెల్లో నేనెక్కడున్నాను?"

అతను తల గోక్కున్నాడు. "అన్నిట్లోనూ కొంచెం కొంచెం ఉంటారండీ."

"నన్నంత సన్నగా తరిగేశారా!" అన్నారావిడ. "పోనీ, కారణమైనా చెప్పండి. స్టీరింగు రాదని ఎందుకనుకుంది?"

"అది... నాకూ తెలీదండీ."

"రాసింది మీరే కదా?"

"నేనేనండీ."

అత్తగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "చూడండి. నేను కోళ్ళ దొంగకి కూడా కారణాలు రాసే శిక్ష వేశాను. ఎందుకు శిక్ష పడిందో తెలియకుండా ఒక్కడంటే ఒక్కడు నా గుమ్మం దాటి పోలేదు. అలాంటిదాన్ని, ఇప్పుడు నేను ఎందుకో ఏమిటో తెలియకుండా ఆ రేకుల షెడ్డులో స్టీరింగుకి అతుక్కుని కూర్చోవాలా?"

ఆ పూట అతనికి అన్నం సరిగ్గా సయించలేదు.

మర్నాడు పొద్దున్నే స్కూలుకి పరిగెత్తాడు. మాస్టారు కారు బానెట్ తుడుస్తూ కనిపించాడు.

"మంచి పని చేశారు, మీరే వచ్చారు. మీ అత్తగారొక్కరే కాదు సార్, అందరిదీ అదే గోల. బేకరీ ఆయన మానేశాడు కూడాను."

"ఎందుకు?"

"మీ యంత్రం ఆయన్ని 'నిర్లక్ష్యం ఎక్కువ' అంది. ఎందుకన్నదో చెప్పమని నా ప్రాణం తీశాడు. నేనేం చెప్తాను? యంత్రం అలా అంది అన్నాను. 'తెల్లారకముందే లేచి పిండి గ్రాము తేడా రాకుండా తూచే మనిషిని నేను, నన్ను పట్టుకుని నిర్లక్ష్యమంటారా' అని కోపంతో వెళ్ళిపోయాడు. అసలు నిర్లక్ష్యం అనే పాఠం మన దగ్గరుందా సార్? నేనెప్పుడూ చెప్పలేదే?"

లేదు. వేలమంది నడిపిన తీరు కలగలిపి నూరి, యంత్రం తనంతట తాను వేసిన ముద్ర అది. దాన్ని చూసినప్పుడు అల్లుడు భలే తెలివైనదని మురిసిపోయాడు కూడా. ఇప్పుడు మాస్టారి ముందు నిలబడితే ఆ మురిపెం ఎటో పోయింది.

ఇంటికొచ్చి పంతంగా కూర్చున్నాడు. అంకెల కుప్ప తీసి పారేసి, దాని బదులు మాటలతో ఒక పటం గీద్దామనుకున్నాడు. డ్రైవింగులో ఏమేమి ఉన్నాయి, ఏది దేనిలో భాగం, ఏది రావాలంటే ముందు ఏది రావాలి, ఇవన్నీ గీతలు కలిపి చూపించే పటం. ఈ మనిషికి ఏమొచ్చునని యంత్రం అనుకుంటోందో ఆ పటం మీదే రంగులేసి చూపిస్తే, ఎవరికి వారే చూసుకోవచ్చు కదా.

ఆలోచన బాగానే ఉంది. చేయడంలోనే పప్పులో కాలేశాడు. తక్కువ చేస్తే ఎవరేమంటారో అని, ప్రపంచంలో రవాణాకి సంబంధించిన మాటలన్నీ పోగేసిన పటమొకటి ఎక్కడో దొరికితే, దాన్ని ఉన్నపళాన తెచ్చి తగిలించాడు. మాస్టారికి తెర మీద చూపిస్తే ఆయన కళ్ళు చికిలించుకుని చాలాసేపు చూశాడు.

"బావుంది సార్. సాలెగూడులా బ్రహ్మాండంగా ఉంది. ఈ మూల ఇదేంటి, గుర్రం?"

"గుర్రం కూడా వాహనాన్ని లాగుతుంది కదండీ. అందుకని..."

"ఇంజన్ల వరసలో పెట్టారు." మాస్టారు ఇంకా కిందికి చూశాడు. "పడవ తెడ్డు కూడా ఉంది. బేకరీ ఆయన దీన్ని చూస్తే ఊరు కూడా వదిలి పోతాడు సార్."

"దీన్ని ఆంటాలజీ అంటారండీ," అన్నాడు అల్లుడు నీరసంగా.

"అంటే అననివ్వండి. నాకు కావాల్సినంత ముక్క ఇందులో ఎక్కడుందో చెప్పండి చాలు."

ఆ మాటతో అతనికి దారి దొరికింది. కొన్నాళ్ళపాటు కారు వెనక సీట్లో కూర్చుని, మాస్టారు పాఠం చెప్పేటప్పుడు ఏయే మాటలు వాడతాడో విన్నాడు. 'మెల్లగా' తీసేస్తే మిగిలినవి నిజంగా కొన్నే. చక్రం పట్టు, బ్రేకు, క్లచ్చు, అద్దాలు, గుర్తులు, మలుపు, చౌరస్తా, వెనక్కి నడపడం, బండి నిలపడం, ఇలా ఒక పేజీలో పట్టేటన్ని. బల్ల మీద పెద్ద కాగితం పరిచి, ఒక్కో మాటకీ ఒక గుండ్రం గీసి, మధ్య గీతలు కలిపాడు. 'మలుపు రావాలంటే అద్దాలు చూడటం రావాలి' లాంటివన్నమాట. ఆ మాటకొస్తే గీతలు రెండే రకాలు: భాగం, ముందు రావాల్సింది. అంతకంటే ఎక్కువ పెడితే తనకే తికమకగా ఉంది.

తర్వాత వాటిని యంత్రంలోకి ఎక్కించాడు. వచ్చినవాటికి ఆకుపచ్చ, సగం వచ్చినవాటికి పసుపు, రానివాటికి బూడిద రంగు. ఏ గుండ్రం మీద వేలు పెట్టినా 'ఎందుకలా అనుకుంటున్నానంటే' అని యంత్రం తన కారణం చెబుతుంది. దాని పక్కనే ఒక మీట: 'నేను ఒప్పుకోను.' ఆ మీట పెట్టేటప్పుడు అతని కళ్ళ ముందు అత్తగారే ఉన్నారని వేరే చెప్పక్కర్లేదు.

పటం సిద్ధమయ్యాక ఆవిడనే మొదట కూర్చోబెట్టాడు. తెర నిండా బూడిద రంగే.

"ఇదంతా నేనేనా? తగలబడిపోయినట్టున్నానే!" అన్నారావిడ.

"కారణం నొక్కి చూడండి అత్తయ్యా."

ఆవిడ 'మలుపు' మీద వేలు పెట్టారు. 'చక్రం పట్టు రాలేదు కాబట్టి మలుపు కూడా రాదనుకుంటున్నాను' అంది యంత్రం. 'చౌరస్తా' నొక్కారు. అదే జవాబు. 'రోడ్డు గుర్తులు' నొక్కారు. అక్కడా అంతే. చివరికి 'చక్రం పట్టు' దగ్గరికే వచ్చి వేలు పెట్టారు. 'ఎందుకనుకుంటున్నానంటే, బండి కదులుతున్నప్పుడు చక్రం మీద ఎక్కువసేపు ఒక్క చెయ్యే ఉంది.'

"ఒక్క చెయ్యేనా? అబద్ధం."

షెడ్డు గోడకి ఆనుకుని చూస్తున్న మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "అబద్ధం కాదమ్మా. రెండోది మీరు పైకెత్తుతారు."

"ఎందుకెత్తుతాను?"

"ఎదురుగా ఏ బండొచ్చినా అరచెయ్యి చూపించి ఆగమంటారు."

అత్తగారు కుడిచెయ్యి వంక చూసుకున్నారు, ఎవరిదో అన్నట్టు. కోర్టులో ఇద్దరు వకీళ్ళు ఒకేసారి మాట్లాడబోతే ఆ చెయ్యి లేచేది. లేవగానే ఇద్దరూ నోరు మూసేవారు. తెర మీది లారీలు ఆ మర్యాద పాటించలేదు.

ఉన్నట్టుండి ఆవిడ పకపకా నవ్వారు. కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. అల్లుడికి ఆవిడ అలా నవ్వగలరని అంతవరకు తెలీదు.

"సరే, చెయ్యి సంగతి ఒప్పుకుంటున్నాను," అన్నారు చివరికి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "కానీ బాబూ, ఇదేమిటి? రోడ్డు గుర్తులు తెలియడానికి స్టీరింగుతో ఏం పని? నడిచి వెళ్ళేవాడికి కూడా గుర్తులు తెలుస్తాయి కదా? చెయ్యెత్తినందుకు చెయ్యికి శిక్ష వెయ్యి, బుర్రకెందుకు వేస్తావు?"

అతను నాలిక్కరుచుకున్నాడు. ఆ గీత తనే కలిపాడు. ఎందుకు కలిపాడంటే చెప్పలేడు, అక్కడ ఖాళీగా కనిపించింది కాబట్టి కలిపాడు, అంతే. అప్పటికప్పుడు ఆ గీత తుడిపేశాడు. బూడిదలోంచి ఒక మూలంతా పచ్చగా మొలిచింది.

"అదీ!" అన్నారు అత్తగారు. తీర్పు తనకి అనుకూలంగా వచ్చినంత ఆనందం ఆవిడ మొహంలో.

కబురందుకుని బేకరీ ఆయన కూడా తిరిగొచ్చాడు. తన పటంలో నిర్లక్ష్యం అనే మాట కోసం మూలమూలలా వెతికాడు. ఎక్కడా లేదు. బ్రేకు మాత్రం పసుపు రంగులో ఉంది. కారణం నొక్కితే 'కాలు పెడలు మీదికి రావడం ఆలస్యమవుతోంది' అని వచ్చింది. ఆయన వంగి తన కాళ్ళకేసి చూసుకున్నాడు. బేకరీలో వేసుకునే వదులు చెప్పులు, పిండి కొట్టుకుని తెల్లగా. మర్నాడు బూట్లేసుకుని వచ్చాడు, వారంలో బ్రేకు పచ్చబడింది. అప్పట్నుంచీ అల్లుడు ఎదురుపడితే చాలు, బలవంతంగా చేతిలో బన్ను పెట్టేవాడు.

అత్తగారు మాత్రం 'నేను ఒప్పుకోను' మీట రుచి మరిగారు.

రోజూ పాఠం అవగానే పటం ముందు కూర్చుని ఒక్కో గుండ్రాన్నే విచారణకి పిలిచేవారు. 'క్లచ్చు సగమే వచ్చు' అంటే ఒప్పుకోరు. 'వెనక్కి నడపడం రాదు' అంటే అసలే ఒప్పుకోరు. ఒప్పుకోనప్పుడల్లా కారణం రాయడానికి యంత్రంలో చిన్న జాగా ఉంది. ఆవిడ అందులో పేరాలకి పేరాలు రాసేవారు. కొద్దిరోజుల్లోనే ఆవిడ పటం వానాకాలపు పొలంలా పచ్చగా కళకళలాడింది.

"అత్తయ్యా, యంత్రం చూసిందీ మీరు చెప్పిందీ రెండూ పక్కపక్కనే దాచాను. ఏది నమ్మాలో మాస్టారే చూసుకుంటారు," అన్నాడు అతను నెమ్మదిగా.

"చూసుకోనీ. నా సాక్ష్యం నాది."

మాస్టారు ఆవిడ సాక్ష్యాన్నే నమ్మాడు. నమ్మక చస్తాడా, ఎదురుగా కూర్చున్నది మాజీ జడ్జి. "వెనక్కి నడపడం వచ్చన్నారు కదమ్మా, షెడ్డు ముందు బండి నిలపండి, చూద్దాం," అన్నాడు. అల్లుడు వెనక సీట్లో ఉన్నాడు. ఆవిడ రెండు చేతులతోనూ చక్రాన్ని గట్టిగా పట్టుకున్నారు. పట్టులో ఏ లోపమూ లేదు. గేరు మార్చారు.

"మెల్లగా," అన్నాడు మాస్టారు.

బండి వెనక్కి కదిలింది.

"మెల్లగా, మెల్లగా... అమ్మా, మెల్లగా!"

దబ్బుమని చప్పుడు. స్కూలు పేరు రాసిన బోర్డు ఒకసారి ఊగి, ఆలోచించుకుని, కారు డిక్కీ మీద వాలిపోయింది. టైర్ల కొట్టులోంచి పనివాళ్ళు బయటికి పరిగెత్తుకొచ్చారు. వెనక అద్దంలోంచి చూస్తే అల్లుడికి ఆకాశం బదులు 'సురక్షితంగా నేర్పబడును' అనే అక్షరాలు తలకిందులుగా కనిపించాయి.

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి మాస్టారు గుప్పిటితో నోరు మూసుకున్నాడు.

అత్తగారు కారు దిగి, చీర సవరించుకుని, తిన్నగా షెడ్డులోకి నడిచారు. పటం తెరిచారు. 'వెనక్కి నడపడం' దగ్గర తను రాసిన పేరాలన్నీ చదువుకున్నారు. ఒక్కొక్కటే కొట్టేశారు.

"వాంగ్మూలం వెనక్కి తీసుకుంటున్నాను," అన్నారు. "వెనక్కి తీసుకోవడం ఇదొక్కటే సరిగ్గా వచ్చు నాకు."

అప్పుడు మాత్రం మాస్టారు ఆగలేకపోయాడు. అల్లుడూ ఆగలేదు. ఆవిడా కలిశారు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్యకి ఈ కథంతా చెప్పి మళ్ళీ నవ్వుకుంటుంటే, అత్తగారికి ఒక సందేహం వచ్చింది.

"అవును బాబూ, నీ పటమేది?"

అతని నవ్వు అక్కడే ఆగిపోయింది. "నాదెందుకండీ?"

"నువ్వు కూడా ఇందులో కూర్చుని చూసే ఉంటావుగా, పరీక్షించడానికి?"

చూశాడు. దాచడానికి వీల్లేని పటం గీసినవాడు తన పటం ఎక్కడ దాస్తాడు? భార్యే కంప్యూటర్ ముందుకి లాగి తెరిచింది. 'రోడ్డు గుర్తులు' చిక్కటి పచ్చ. మిగిలినదంతా బూడిద. అత్తగారు 'మలుపు' నొక్కారు. 'పుస్తకం ప్రశ్నలకి జవాబులన్నీ సరిగ్గా చెప్పాడు. బండి నడిపినట్టు నాకు ఒక్క ఆధారమూ లేదు.'

"చౌరస్తా?"

'ఆధారం లేదు.'

"బ్రేకు?"

'ఆధారం లేదు.'

భార్య సోఫాలో పడి పొర్లి పొర్లి నవ్వింది. పెళ్ళైనప్పట్నుంచీ ఇంట్లో కారు నడిపేది తనే. కళ్ళాసుపత్రిలో రోజంతా రోగుల్ని చూసి, అలిసిపోయి, మళ్ళీ ఇతన్ని ఆఫీసు దగ్గర ఎక్కించుకుని ఇంటికి తెచ్చేది. చిన్నప్పుడు మేనమామ స్కూటరు మీంచి పడేసినప్పట్నుంచీ అతనికి చక్రం పట్టుకోవాలంటే ఒళ్ళు చల్లబడుతుంది. ఆ సంగతి భార్యకి తెలుసు, అత్తగారికి తెలీదు.

ఇప్పుడు కూతురి నోట విన్నాక ఆవిడ వెక్కిరించలేదు. పటం వంక చాలాసేపు చూశారు.

"ఇందులో భయం అనే గుండ్రం లేదేం?"

"మాస్టారు ఆ మాట వాడడండీ."

"మెల్లగా అనేది మరేమిటనుకున్నావు?" అన్నారు. "రేపట్నుంచి నాతో రా. నాకు వెనక్కి రాదు, నీకు ముందుకి రాదు. ఇద్దర్నీ కలిపితే ఒక డ్రైవరవుతాడు."

మాస్టారికి ఒకే సీటు మీద ఇద్దరు శిష్యులయ్యారు. అతను మొదటిరోజు రోడ్డెక్కినప్పుడు చొక్కా తడిసి ముద్దయింది. సైకిల్ వాళ్ళు కూడా అతన్ని దాటుకుని పోయారు. ఇన్నేళ్ళలో మొదటిసారి మాస్టారు "కొంచెం తొందరగా సార్" అన్నాడు. వెనక సీట్లో అత్తగారు కిటికీలోంచి చెట్లూ కొట్లూ చూస్తూ కూర్చున్నారు, ఒక్క సలహా అంటే ఒక్కటీ ఇవ్వలేదు. అదెంత కష్టమైన పనో ఆవిడ కూతురికే తెలుసు.

బోర్డు కొత్తది పెట్టించారు, ఈసారి ఇనుప స్తంభాలతో. అత్తగారు దాని పక్కనే వెనక్కి నడపడం నేర్చుకుని, లైసెన్సు పరీక్ష మొదటిసారికే గట్టెక్కారు. అల్లుడు మొదటిసారి తప్పాడు. ఎందుకు తప్పాడో అధికారి చెప్పలేదు. అతనూ వదల్లేదు, కౌంటరు దగ్గర నిలబడి కారణం చెప్పేదాకా కదలనన్నాడు. చౌరస్తాలో పచ్చదీపం పడ్డాక కూడా నిలబడిపోయాడట. అదొక్కటే సాధన చేసి, రెండోసారి నెగ్గాడు.

నెగ్గిన రోజు సాయంత్రం అత్తా అల్లుడూ కలిసి కళ్ళాసుపత్రికి వెళ్ళారు. చక్రం అతని చేతుల్లో ఉంది. ఆసుపత్రి గేటు ముందు బండి ఆగేసరికి భార్య బయటికొచ్చి, డ్రైవరు సీట్లో ఉన్నదెవరో చూసి, గేటు దగ్గరే ఆగిపోయింది. తర్వాత వెనక తలుపు తీసి కూర్చుంది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. రెండు వీధులు దాటేలోపలే తల కిటికీకి ఆనింది, సన్నగా గురక మొదలైంది.

ముందు ఆటో ఒకటి దారికడ్డంగా నిలబడి ఉంది. అతని చెయ్యి హారన్ మీదికి వెళ్ళింది.

"కొట్టకు బాబూ," అన్నారు అత్తగారు గొంతు తగ్గించి. "లేస్తుంది."